ఎడమకు తిరిగిన చేతులు

ఆకాశాన్ని ఫొటో తీసిన గాజు పలక మూలను ఆమె కింది పెదవికి ఆనించింది. అంటుకుంది. అంటే ఫొటో మందు పూసిన వైపు ఇదే. ఆ వైపు కిందికి వచ్చేలా పలకను దీపపు బల్ల మీద సర్ది, భూతద్దం మీదికి వంగింది. ఇరవై ఆరేళ్ళుగా, నక్షత్రశాలలో పొద్దున తొమ్మిదింటికి ఆమె చేసే మొదటి పని ఇదే. పలక తిరగబడితే ఆకాశమంతా తిరగబడుతుంది.

ఆఫీసులో ఆమెను కొలతలమ్మ అంటారు. వేళాకోళానికి పెట్టిన పేరే స్థిరపడిపోయింది. ఇంట్లో అత్తగారిది ఇంకో సణుగుడు: "పైన చుక్కలన్నీ లెక్కపెడుతుంది, పొయ్యి మీద పాలు పొంగితే మాత్రం కనపడదు."

అలాంటి పలకల మీది ఒక గెలాక్సీని ఆమె పదకొండు నెలలు కొలిచింది. నడుమ అడ్డంగా ఒక కడ్డీ, అంతా ముసలి నక్షత్రాలు. దాని రెండు కొసల నుంచి రెండు నక్షత్రాల చేతులు, ఎడమకు చుట్టుకుంటూ. ముప్పై ఎనిమిది డిగ్రీల వాలు. కడ్డీ ఉందని మొదట చెప్పిందీ ఆమే. పలక మీద మరకేమో అని అప్పట్లో నవ్వారు.

పన్నెండింటికి కిందికి దిగేసరికి హాల్లో ఆ గెలాక్సీ నిలువెత్తు బొమ్మ బిగిస్తున్నారు. చూడగానే ఆమెకు ఒళ్ళు మండిపోయింది. చేతులు కుడికి తిరిగాయి! పెదవికి ఆనించి చూసే ఓపిక లేక ఎవరో పలకను తిరగేసి స్కాన్ చేశారు. కింద ఆమె కొలతలన్నీ ఉన్నాయి, డైరెక్టరు పేరు మీద. పేరు పోతే పోయింది, అది ఆమెకు అలవాటే. ఇది మాత్రం అబద్ధం.

"సార్, బొమ్మ తిరగబడింది."

డైరెక్టరు ప్రసంగం కాగితంలోంచి తలెత్తలేదు. "మూడింటికి అతిథులొస్తున్నారమ్మా. ఆకాశంలో ఎడమేంటి, కుడేంటి? ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుసు కదండీ."

"నీ ఒక్కదానికేగా! వెళ్ళి పని చూసుకో."

ఆమె విసవిసా మెట్లెక్కింది. ఎవరికి తెలుస్తుందట! అలాంటప్పుడు ఒక కన్ను మసకబారేదాకా కొలిపించడం దేనికి? కాకిలెక్కలు రాసి పారేస్తే సరిపోయేదిగా. బల్ల మీది పలక సగంలో ఉంది. దాన్ని సగంలో వదిలేయడం చేతకాక, పళ్ళు నూరుకుంటూనే కొలత పూర్తి చేసింది. తర్వాత రెండు వాక్యాల కాగితం రాసి గుమస్తాకు ఇచ్చింది.

గుమస్తా కంగారుపడ్డాడు. "రాజీనామానా? రిటైరవడానికి ఇంకా రెండేళ్ళుంది కదక్కా! ఇంట్లో అడిగారా?"

"అడిగేదేముంది, చెప్తాను."

"మరి కారణం ఏం రాయమంటారు?"

"చేతులు కుడికి తిరిగాయని రాయి."

మూడున్నరకు బొమ్మ మీది తెర తొలగింది. చప్పట్లు మోగుతుండగానే ఆమె పక్క తలుపులోంచి బయటికి నడిచి బస్సెక్కింది. ఎవరూ చూడలేదు.

టీ తాగడానికి వెనక్కి తిరిగిన అతిథుల్లో ఒకావిడ ఆగిపోయింది. బొమ్మకు ఎదురు స్తంభానికి, కంటి ఎత్తున, దారంతో ఏదో కట్టి ఉంది. పక్కన కాగితం ముక్క మీద కొలతలమ్మ గుండ్రటి అక్షరాలు: 'అసలుది ఇందులో చూడండి.'

"ఏవండీ, ఇటు రండి. ఇందులో అటు కాదు, ఇటు తిరుగుతోంది!"

డైరెక్టరు మొహం మాడిపోయింది. అది చేతిసంచీలో పెట్టుకునే చిన్న అద్దం, పగిలిన అంచుకు టేపు అంటించి ఉంది. అందులో అరచేయంత గెలాక్సీ, చేతులు ఎడమకు.