మేస్త్రి నవ్వితే బండ తేలిక

మద్దిలేటి మేస్త్రికి ఒక సుగుణం ఉండేది. ఆయన ఎవరి మీదా గొంతు లేపడు. ఈ సంగతి ఆయనే నలుగురిలో చెప్పుకునేవాడు, ఎందుకంటే ఉన్న మంచి గుణాన్ని దాచిపెట్టడం దొంగసొత్తు దాచినంత పాపమని ఆయన లెక్క. పొద్దున్నే జొన్నగట్క తాగి, మీసాలకు ఇంత ఆముదం రాసి, గుడిసె ముందు నిలబడి గుంపునంతా ఒకసారి చూసేవాడు. తన మొహం చూస్తే చాలు, వీళ్లకు సగం కడుపు నిండుతుందని ఆయన నమ్మకం. అందరూ ఆయన మొహంవైపే చూస్తుండేవాళ్లు, నిజమే. కారణం మాత్రం వేరు.

అది బావులు తవ్వే వడ్డెర గుంపు. అవతల దేశాల్లో యుద్ధం నడుస్తున్న రోజులు. ఇవతల వానలు లేవు. గట్టు ఊరి చుట్టుపక్కల ఎర్రచెలక నేలల్లో పటేళ్లు పాత బావుల్నే ఇంకా లోతుకు తవ్విస్తుండేవాళ్లు. మగవాళ్లు లోపల సమ్మెటలతో బండ పగలగొడితే, ఆడవాళ్లు తట్టల్లో పైకి మోసేవాళ్లు. పెద్ద బండయితే దూలానికి గిరక కట్టి, మోకు వేసి, అందరూ కలిసి గుంజేవాళ్లు. ఇదంతా ఏ గుంపులోనైనా ఉండేదే. మద్దిలేటి గుంపులో మాత్రం బండల బరువు మేస్త్రి మనసును బట్టి ఉండేది. ఆయన ఉషారుగా ఉంటే మనిషంత బండ గడ్డిమోపులా లేచొచ్చేది. ఆయన గుబులుగా ఉంటే దోసెడు కంకరకే తట్ట అడుగు ఊడిపోయేది.

దీన్నెవరూ వింతగా చెప్పుకోలేదు. వానొస్తే తడుస్తాం, మేస్త్రి మనసు చెడితే నడుములు విరుగుతాయి, అంతే. పటేళ్లు పని మాట్లాడుకునేటప్పుడు, "మేస్త్రీ, ఇంట్ల అంత మంచిగనే ఉందా" అని అడిగి మరీ ఖాయం చేసుకునేవాళ్లు. ఆయన పెళ్లాం వెంకటమ్మకు పొద్దుటిపూట మొగుడితో కొట్లాడే హక్కు పోయింది. ఏమున్నా పొద్దుగూకినంకనే.

గుంపులో దానంతటదే ఒక కట్టుబాటు పడింది. బావిలో మనిషి ఉన్నంతసేపు మేస్త్రి చెవిన చెడ్డమాట పడగూడదు. ఎవరింట్లో పొయ్యి వెలగకున్నా, ఎవరికి జ్వరమొచ్చినా, ఆయన ముందు నవ్వి పండ్లు కనబరచాలి. ఆయనకు కనబడేవన్నీ నవ్వు మొహాలే. నా కింద జనం ఎంత సుఖంగా ఉన్నారు అని మురిసిపోయేవాడు. ఆ మురిపానికి బండలు ఇంకింత తేలికయ్యేవి.

ఆయన్ను నవ్వించే పని ఎక్కువగా ఈదమ్మ మీద పడింది. ఈదమ్మ తట్టలు మోసేది. ఆమె మొగుడు చెన్నయ్య బావిలో సమ్మెట కొట్టేవాడు, బండకు మోకు బిగించడంలో అతని తర్వాతే ఎవరైనా. ఈదమ్మ తట్ట కుమ్మరించి తిరిగిపోతూ పోతూ ఒక మాట విసిరేది.

"అన్నా, ఆ మీసం జర కిందికి దువ్వుకో. పిట్టలు గూటికి జాగ చూస్కుంటున్నయి."

మేస్త్రి కడుపు కదిలేలా నవ్వేవాడు. బావిలో ఉన్నవాళ్ల చేతుల్లో సమ్మెట చెరుకుగడలా ఆడేది.

ఆ ఎండాకాలం ఈదమ్మ బిడ్డ జములమ్మకు జ్వరం పట్టుకుంది. ఇంకా మాటలు కూడా సరిగ్గా రాని పిల్ల. గుడిసెలో నాయనమ్మ రేణుకమ్మ దగ్గర పడుకోబెట్టి వచ్చేవాళ్లు. రేణుకమ్మకు కండ్లు కనబడవు. పిల్ల ఒళ్లు తడిమి, "ఇంకా కాలుతుంది" అని మాత్రం చెప్పగలదు. ఒకనాటి పొద్దున పిల్ల కండ్లు తెరవలేదు. ఆ పూటే పటేలు బండి గద్వాలకు పోతోంది. గద్వాలలో దవాఖాన ఉంది. ఈ సంగతి గుంపులో అందరికీ తెలుసు, మేస్త్రికి తప్ప.

ఈదమ్మ బావి గట్టు మీదికి వచ్చేసరికే చెన్నయ్య లోపలికి దిగిపోయాడు. రాత్రి మందు పెట్టి పేల్చిన పెద్ద బండ ఒకటి గోడకు ఆనుకుని, పడతానా వద్దా అన్నట్టు అతని నెత్తి మీద నిలబడి ఉంది.

"అన్నా, ఇయ్యాల్టికి నన్ను ఇడిచిపెట్టు. పటేలు బండిల గద్వాలకు పోత" అంది.

"ఏం పనే గద్వాల్ల?"

ఈదమ్మ బావిలోకి చూసింది. మోకు పట్టుకున్న భీమన్న తల దించుకున్నాడు.

"గాజులేసుకుంటన్నా. ఈ ఉత్త చేతులు జూసి బండలు గూడ ఎక్కిరిస్తున్నయి."

మేస్త్రికి నవ్వొచ్చింది. "గాజులు యాడికి పోతయే? ఆ పెద్ద బండ లేపాలె ఇయ్యాల. నువ్వు లేకుంటే నన్ను నవ్విచ్చేటోళ్లెవరు? రేపు పో."

"రేపు బండి ఉండదన్నా."

"బండి లేకుంటే నేనే ఎత్తుకపోత. నా మనసు మంచిగుంటే నువ్వు తట్టెడు బరువు గూడ ఉండవు."

గుంపు నవ్వింది. ఈదమ్మా నవ్వింది. గుంపులో ఒక మనిషిని నలుగురి ముందు ఇంతగా మెచ్చుకున్నందుకు మద్దిలేటికి తన మీద తనకే ముచ్చటేసింది. పటేలు బండి ఎడ్ల గంటలు చేను దాటి, బాట ఎక్కి, గద్వాల వైపు పోయాయి. అవి వినబడినంతసేపూ ఈదమ్మ తలకు చుట్టిన చుట్టబట్టను విప్పుతూ, మళ్లీ చుడుతూ ఉంది.

ఎండ నెత్తికెక్కేవేళ బండకు మోకు బిగించారు. పైన అందరూ గుంజుతున్నారు. బండ గోడను రాసుకుంటూ సగం దూరం లేచింది. చెన్నయ్య దాని కిందనే ఉన్నాడు, పైకి వచ్చే మెట్లకు బండ అడ్డమొచ్చింది. అప్పుడు గుడిసెల దిక్కు నుంచి జోగమ్మ రావడం ఈదమ్మకు కనబడింది. ఆమె గుడిసె ఈదమ్మ గుడిసె పక్కనే. ఉరకడం లేదు, పిలవడం లేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మెల్లగా నడిచి వస్తోంది.

ఉరికొస్తే ఇంకా ఆశ ఉండేది.

ఈదమ్మ తట్ట కింద పెట్టింది. జోగమ్మ మేస్త్రి కంట పడకుండా, పోయి ఆయన ఎదురుగా అడ్డం నిలబడింది.

"అన్నా, నీ పెండ్లినాడు మీ మామ నిన్ను జూసి ఏమన్నడో తెల్సా?"

"ఏమన్నడు?"

"బండలు లేపెటోన్ని తెమ్మంటే, ఈ పెండ్లిపెద్దలు బండనే తెచ్చిర్రు గదరా అన్నడంట. పీట మీద నుంచి నిన్ను లేపనీకి నలుగురు గావాల్సొచ్చిందంట."

మేస్త్రి నవ్వాడు. అట్లా ఇట్లా కాదు, మోకాళ్లు పట్టుకుని, కండ్ల నీళ్లొచ్చేలా నవ్వాడు. అంత పెద్ద బండ దూది బస్తాలా గాలిలోకి లేచి, గట్టు మీద కూర్చుంది. చెన్నయ్య మెట్లెక్కి పైకొచ్చాడు. అతని తల కనబడ్డాక, భుజాలు కనబడ్డాక, రెండు కాళ్లూ గట్టు మీద పడ్డాక, ఈదమ్మ నేల మీద కూలబడింది.

"జములి పోయింది మామా" అంది మొగుడితో.

మేస్త్రి మొహం మీద ఆ నవ్వింకా అట్లాగే ఉంది. దాన్నెట్లా తీసేయాలో ఆయనకు తెలియలేదు. భీమన్న దగ్గరికొచ్చి జ్వరం సంగతి, బండి సంగతి, దవాఖాన సంగతి మెల్లగా చెప్పాడు. గట్టు మీది బండ నేలలోకి దిగబడటం మొదలుపెట్టింది. తట్టలు ఆడవాళ్ల చేతుల్లోంచి జారి కింద పడ్డాయి. మేస్త్రికి తెలిసిందని అందరికీ తెలిసింది.

పొద్దు వాలుతుండగా పిల్లను వాగు ఒడ్డున గుంత తవ్వి పెట్టారు. నక్కలు తవ్వకుండా గుంత మీద ముళ్లకంప పరిచి ఒక రాయి పెట్టడం రివాజు. రాయి నేను తెస్తానని మద్దిలేటి వాగులోకి దిగాడు. కొబ్బరికాయంత రాయి. వంగి పట్టుకున్నాడు. కదల్లేదు. భీమన్న వచ్చి చెయ్యేశాడు. ఇంకొకడు వచ్చాడు. చివరికి గుంపంతా వంగి, ఒకరి చేతుల కింద ఒకరు చేతులు పెట్టి ఆ చిన్న రాయిని లేపారు. గుంత దగ్గరే. అయినా అడుగు పడటం లేదు. మెడల మీద నరాలు ఉబ్బాయి. నడిమధ్యలో భీమన్న మోకాలు ఒరిగింది.

"అన్నా, జర దించుదాం" అన్నాడు.

"దించకుండ్రి" అంది ఈదమ్మ. చెన్నయ్య పక్కన కూర్చున్నదల్లా లేచొచ్చింది. ఆమె కండ్లు పొడిగా ఉన్నాయి.

"ఎందుకు చెప్పలే ఈదమ్మా? ఒక్క మాట చెప్తే పంపకపోదునా?" అన్నాడు మేస్త్రి.

"చెప్తే నీ మనసు చెడ్తుండె. లోపల ఆయన ఉండె." కోపంగా చెప్పలేదు. బావి లోతెంత అంటే చెప్పినట్టు చెప్పింది. "మోయన్నా. ఇన్నొద్దులు నిన్ను మేం మోసినం."

ఆమె కూడా వంగి రాయి కింద చెయ్యి పెట్టింది. రాయి తేలిక కాలేదు. అంత బరువుతోనే గుంత దాకా పోయింది.

తెల్లారి మద్దిలేటి పటేలు దగ్గరికి పోయి మేస్త్రిపని ఇడిచిపెట్టాడు. గుంపు భీమన్న చేతికి వచ్చింది. చెన్నయ్య, ఈదమ్మ ముసలామెను తీసుకుని నాగర్‌కర్నూల్ దిక్కు వేరే గుంపులో కలవడానికి పోయారు. పోయేముందు ఈదమ్మ మేస్త్రి గుడిసె ముందు ఆగింది. ఆయన బయటికి రాలేదు. ఆమె కొంచెంసేపు చూసి వెళ్లిపోయింది.

భీమన్న గుంపులో బండ బండంత బరువే ఉంటుంది. ఆయన నవ్వినా అంతే, ఏడ్చినా అంతే. పెద్ద బండ లేపాలంటే రోజులు పడతాయి. నడుములు నొస్తాయి. ఎవరికి జ్వరమొచ్చినా పొద్దున్నే చెప్పి ఆగిపోతారు. పని మధ్యలో ఏడుపొస్తే తట్ట పక్కన పెట్టి ఏడుస్తారు. వెంకటమ్మ పొద్దున్నే మొగుడితో కొట్లాడుతుంది. మద్దిలేటి అదే గుంపులో, ఆడవాళ్ల వరుస చివర, తట్ట మోస్తాడు. మేస్త్రి కాని మనిషి మనసును బండలెందుకు పట్టించుకుంటాయి?

ఆయన అడగడమైతే నేర్చుకున్నాడు. తట్ట అందుకునేటప్పుడు ముందున్న మనిషిని రోజూ అడుగుతాడు.

"సుగుణమ్మా, ఇంట్ల అంత మంచిగున్నరా?"

"మంచిగున్నరన్నా" అని సుగుణమ్మ నవ్వి, తట్ట ఎత్తుకుని పోతుంది.

మద్దిలేటి తన తట్ట నెత్తిన పెట్టుకుని అక్కడే కాసేపు నిలబడిపోతాడు. ఆ నవ్వు సంతోషంతో వచ్చిందో, ఆయన కోసం వచ్చిందో పోల్చుకోవడం ఆయనకింకా తెల్వదు.