ఐదు గుండీలు

ఆ బుధవారం పొద్దున మార్త భర్త చొక్కాకి ఐదు గుండీలు పెట్టింది. రెండేళ్లుగా రోజూ పెడుతోంది. 1995లో ఉయ్యూరు దగ్గర చెరకు ట్రాక్టరు బోల్తాపడి మరియదాసు కుడిచెయ్యి దాని వెనక తొట్టి కింద నలిగింది. మూడు ఆపరేషన్ల తర్వాత చెయ్యి మిగిలింది. వేళ్లు ముడుచుకోవడం మానేశాయి. డ్రైవరు పని పోయింది.

ఉయ్యూరు సెంటర్లో ఎస్టీడీ ఫోను బూత్ ఒకటి వికలాంగుల కోటాలో ఇస్తున్నారు. మరియదాసు దరఖాస్తు పెట్టాడు. అంగవైకల్యం నలభై శాతం ఉందని మెడికల్ బోర్డు రాసివ్వాలి. బోర్డు విజయవాడలో బుధవారాలే కూర్చుంటుంది. దరఖాస్తు గడువు శనివారం.

బస్సులో మార్త చెప్పిందే చెప్పింది.

"గట్టిగా పట్టుకోమంటే పట్టుకోకు. ఎత్తమంటే సగం ఎత్తి ఆపు."

"అబద్ధం ఆడమంటావా? ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల దగ్గర రొట్టె తీసుకోవాలి నేను."

"ఆడమన్లేదయ్యా. ఊరుకోమన్నా. ఊరుకోవడం బైబిల్లో ఏ వాక్యంలో తప్పన్నారు?"

మరియదాసు కిటికీలోంచి చూశాడు. కుడిచేతిలో తడిగుడ్డ ఉంది. వేళ్లకి కసరత్తుగా దాన్ని పిసుకుతున్నాడు. మార్త గుడ్డ లాక్కుని సంచిలో పెట్టింది.

"ఈ ఒక్కపూటా ఆ చెయ్యిని పడుకోనీ."

బోర్డు గదిలో డాక్టరు చొక్కా విప్పమన్నాడు. మార్త విప్పింది. ఆయన మోచెయ్యి వంచి చూశాడు, మణికట్టు తిప్పి చూశాడు, కాగితం మీద ఏదో రాసుకున్నాడు. వేళ్లు ముడవమన్నాడు. సగం ముడుచుకున్నాయి. మార్తకి ఊపిరి ఆడింది.

"ఇంట్లో నీ పనులు ఎవరు చేసిపెడతారు?"

"నేనేనండీ," అంది మార్త. "హాస్టల్లో ఆయా పనికి పోతానండీ. పోయేముందు స్నానం నేనే చేయించాలి, గుండీలు నేనే పెట్టాలి. తనకి రాదండీ."

మార్తకి తెలిసినంతవరకు అది నిజం. మరియదాసు ఆమె వైపు చూశాడు.

"సరే. చొక్కా తొడుగు," అన్నాడు డాక్టరు.

ఆమె తొడిగింది. మొదటి గుండీకి చెయ్యి చాపింది.

"ఉండు," అన్నాడు మరియదాసు.

ఎడమచెయ్యి వీపు వెనక పెట్టుకున్నాడు. కుడి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గుండీని ఇరికించాడు. అది జారింది. మళ్లీ ఇరికించాడు. డాక్టరు కలం కింద పెట్టాడు. ఐదు గుండీలకి గోడ గడియారం ప్రకారం ఆరు నిమిషాలు పట్టింది.

"ఎన్నాళ్లు నేర్చుకున్నావు?"

"పదకొండు నెలలండీ. మా ఆవిడ పనికి వెళ్లాక."

"శభాష్," అన్నాడు డాక్టరు. అని, ముప్ఫై ఐదు శాతం రాశాడు.

ఉయ్యూరు బస్సెక్కి కూర్చున్నాక మార్త మొదలుపెట్టింది.

"పదకొండు నెలలు. పొద్దున్నే నాచేత పెట్టించుకోవడం, నేను గడప దాటగానే విప్పుకుని పెట్టుకోవడం. నాకు హాస్టలుకి ఆలస్యమవుతుంటే బొమ్మలా నిలబడేవాడివి."

"క్రిస్మస్‌కి చూపిద్దామనుకున్నా."

"ఇవాళ క్రిస్మసా?"

"నువ్వు తనకి రాదని చెప్పావు."

"నాకు తెలిసింది చెప్పా."

"అందుకే చూపించా."

"నాకు చూపించడానికి బోర్డే దొరికిందా నీకు? బూత్ పోయింది. మళ్లీ చూడాలంటే ఆరు నెలలు ఆగాలన్నాడు. అప్పటికి నువ్వు ఆ చేత్తో దారం కూడా ఎక్కిస్తావు సూదికి. ముప్ఫై రాస్తాడు."

మరియదాసు నవ్వాడు. మార్త నవ్వలేదు. అతని చొక్కా వైపు చూసింది. రెండో గుండీ మూడో కాజాలో ఉంది. అక్కణ్నుంచి కిందిదాకా అన్నీ ఒకటి తప్పి, ఎప్పుడో ఊడిపోయిన ఆరో గుండీ కాజాలో ఐదోది దూరింది. డాక్టరు వేళ్లు చూశాడు, గుండీలు చూడలేదు.

"రెండోది తప్పు. ఈ తప్పేదో ఆయనకి చూపించి ఏడవకపోయావా."

మరియదాసు తల వంచి చూసుకున్నాడు. ఎడమచెయ్యి వీపు వెనక పెట్టుకుని రెండోది విప్పడం మొదలుపెట్టాడు. బస్సు కుదుపుతోంది. గుండీ జారింది. మళ్లీ పట్టుకున్నాడు. కానూరు దాటింది, పోరంకి దాటింది.

పక్క సీట్లోంచి ఒక పెద్దావిడ చాలాసేపు చూసింది. ఆగలేక చెయ్యి చాపింది.

"ఇటు తిరుగు బాబూ, నేను పెడతా."

మార్త ఆ చెయ్యికి తన చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దండీ. పెట్టుకోగలడని గవర్నమెంటు రాసిచ్చింది."

కంకిపాడు వచ్చింది. ఇంకా రెండున్నాయి. మార్త వాటినే చూస్తూ కూర్చుంది.