కోడలి పంటికింద గింజ

తలాస్ లోయలోని ఆ వీధివాళ్లకు బీన్స్ మొక్కలు ఎప్పుడు పీకాలో చెప్పేది రేడియో కాదు, పెద్దావిడ జూరకాన్. ప్రతి ఇంటి పెరట్లోనూ మోకాలెత్తు పొదలు, వాటినిండా కాయలు. ఓ రోజు ముందు పీకితే గింజ ముడుచుకుపోతుంది. ఓ రోజు ఆలస్యమైతే కాయ పగిలి మట్టిపాలవుతుంది. పీకినవి ఆరుతుండగా వాన తగిలిందా, తెల్ల గింజ మచ్చలు పడి గొర్రెల మేతకు తప్ప పనికిరాదు. అందుకని ఆగస్టు చివర్లో వీధి ఆడవాళ్లంతా జూరకాన్ వాకిట్లో పెద్ద చెక్క మంచం చుట్టూ చేరతారు. ఆవిడ నలభై ఒక్క గింజలు తీసి, తొమ్మిది కుప్పలు పెట్టి, జోస్యం చూసి పీకే రోజు చెబుతుంది. ముప్ఫై ఏళ్లలో ఒక్కసారీ తప్పలేదు.

తప్పకపోవడానికి కారణం ఆవిడ ఒక్కదానికే తెలుసు. కుప్పలు పెట్టడానికి వారం ముందునుంచీ పొద్దున్నే పెరట్లోకి వెళ్లి కాయ రంగు చూసేది, గింజ ఒలిచి కొరికేది. పన్ను దిగితే పచ్చి, దిగకపోతే సిద్ధం. ఆకాశం కేసి కూడా ఓ చూపు విసిరేది. తరవాత ఆ మాటే గింజలచేత చెప్పించేది. ఇందులో మోసమేమీ లేదని ఆవిడ నమ్మకం. గింజలకు మాత్రం ఎవరో ఒకరు కబురు అందించాలి కదా.

ఈ ఏడు ఆ కబురే కరువైంది. కళ్లకు పొర కమ్మి, కాయ పసుపో ఆకుపచ్చో తెలియడం లేదు. పళ్లు చూడబోతే నిరుడు కట్టించుకున్నవి, వాటికి గింజా గులకరాయీ ఒకటే. సంగతి కొడుకు ఎర్మెక్‌కు తెలిస్తే ఆస్పత్రికి తీసుకెళ్లి కంట్లో కత్తి పెట్టిస్తాడు. కత్తి పేరు వింటేనే ఆవిడకు చెమటలు పడతాయి. చెప్పకపోతే తన మాట పట్టుకుని వీధి వీధంతా పంట పాడుచేసుకుంటుంది.

చివరికి కోడలు ఐజిరెక్ గుర్తొచ్చింది. బిష్కెక్ పట్నం పిల్ల, కాపురానికొచ్చి నాలుగు నెలలు. పెద్దవాళ్ల ముందు తలెత్తదు, గొంతెత్తదు.

"ఇలా రా అమ్మాయ్. ఈ గింజ కొరుకు."

ఐజిరెక్ గింజను చూసింది, అత్తగారిని చూసింది. తలాస్‌లో కొత్త కోడళ్లకు ఇలాంటి ఆచారం ఉందని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. భక్తిగా వంగి దణ్ణం పెట్టి కొరికింది.

"ఎలా ఉంది?"

"చాలా బాగుందత్తయ్యా."

"బాగోటం కాదే, గట్టిగా ఉందా?"

"అబ్బే, అంత గట్టిగా ఏం లేదత్తయ్యా." అత్తగారు పెట్టింది గట్టిగా ఉందని ఏ నోటితో అంటుంది?

"పోనీ మెత్తగా ఉందా?"

"మీరెలా అంటే అలాగేనత్తయ్యా."

జూరకాన్‌కు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. వారం రోజులు ఇదే తంతు. ఐజిరెక్ ఫోన్లో తల్లికి చెప్పుకుంటే, "ఏ ఊరి పద్ధతి ఆ ఊరిది, నోరు మూసుకుని కొరుకు" అందావిడ.

కుప్పలు పెట్టే రోజు రానే వచ్చింది. పక్కింటి బాత్మా అందరికన్నా ముందొచ్చి, మంచం మీద మంచిచోటు చూసుకుని కూర్చుంది. ముప్ఫై ఏళ్లుగా జూరకాన్ తప్పు కోసం ఓపిగ్గా ఎదురుచూస్తున్న మనిషి. కొండలమీద మబ్బు పట్టిందని అందరూ అనుకుంటున్నారు. జూరకాన్‌కు మబ్బూ లేదు, కొండా లేదు, అంతా పాలనీళ్లలా ఉంది.

గింజలు పంచింది. నడిమి కుప్పను గుండె అంటారు. అక్కడ మూడు పడితే పీకచ్చు, నాలుగు పడితే ఆగాలి. ఏదో సరిచేస్తున్నట్టు వేలితో తడిమింది.

"మూడు. రేపు పీకండి."

"నాలుగున్నాయి కదా వదినా," అంది బాత్మా.

బాత్మా ఐజిరెక్ వైపు తిరిగింది.

"టీ పోస్తున్నావు కదమ్మా, నువ్వు చెప్పు. మూడా, నాలుగా?"

ఐజిరెక్ టీ గిన్నె కింద పెట్టింది. అత్తగారిని కాదనలేదు, కళ్లముందున్న నాలుగుని మూడనలేదు. నోరు తెరిచింది, మాట రాలేదు. కానీ తెరిచిన నోరు బాత్మాకు బాగానే కనిపించింది.

"ముందు పన్ను సగం లేదేమే? మీ అత్త కొట్టిందా?"

"అయ్యో, లేదండీ. పొద్దున గింజ కొరికితే..."

"ఏ గింజ?"

"పెరట్లోదండీ. అత్తయ్య రోజూ కొరికిస్తారు."

పరువు పోయే ఆ క్షణంలో జూరకాన్‌కు ఒక్కమాటే వినబడింది.

"గింజమీద విరిగిందా?"

"చిన్న ముక్కేనత్తయ్యా. గింజ మాత్రం చాలా బాగుంది."

"రేపు తెల్లారకముందే పీకేయండి," అంది జూరకాన్ లేచి నిలబడి. "మంచు తడి ఆరకముందే అయిపోవాలి, లేకపోతే కాయలు పగుల్తాయి. కప్పడానికి పట్టాలు సిద్ధం చేసుకోండి, మబ్బుంది."

"మరి నాలుగు సంగతో?"

"పన్నే విరిగాక గింజల్ని అడిగేదేముందే?"

ఆడవాళ్లు పగలబడి నవ్వుతూ పట్టాలకోసం పరిగెత్తారు. "అయితే ముప్ఫై ఏళ్లూ మాకు జోస్యం చెప్పింది నీ పళ్లన్నమాట," అని గేటు దగ్గర దెప్పి, బాత్మా కూడా పరిగెత్తింది. ఎంత దెప్పినా పంట పంటే.

వాకిలి ఖాళీ అయ్యాక జూరకాన్ కోడల్ని దగ్గరకు రమ్మంది. ముఖం పట్టుకుని వెలుగుకు తిప్పింది. తెల్లటి మసక తప్ప ఏమీ కనబడలేదు. వేలుపెట్టి తడిమితే విరిగిన అంచు చురుక్కుమంది. పొద్దుటినుంచీ ఈ పిల్ల ఈ నొప్పితోనే టీ కాచింది. ఆవిడకు సిగ్గేసింది. తన పరువు కోసం పరాయింటి బిడ్డ పన్ను విరగ్గొట్టింది.

"నాకు కళ్లు కనబడట్లేదే."

"తెలుసత్తయ్యా. మొన్న జామ్‌లో ఉప్పు పోశారు."

"మరి అనలేదేం?"

"మామయ్యగారు బాగుందని తినేశారు."

జూరకాన్ నవ్వబోయి ఏడ్చింది. తలగుడ్డ అంచుతో ముఖం తుడుచుకుని, "రేపు పీకుడవగానే కారు తీయమని ఎర్మెక్‌కు చెప్పు. నీ పన్ను ఆస్పత్రిలో చూపించాలి," అంది. మళ్లీ తనే, "అక్కడ కళ్ల డాక్టరు కూడా ఉంటాడా?" అని అడిగింది.

"ఉంటారత్తయ్యా."

"నొప్పి పెడుతుందా?"

ఐజిరెక్ వచ్చిన నాలుగు నెలల్లో మొదటిసారి తలెత్తి అత్తగారిని సూటిగా చూసింది.

"కొంచెం పెడుతుందత్తయ్యా. నేను పక్కనే ఉంటాను."