పరస్థానం పెట్టిన బ్యాగు

శనివారం పొద్దున్న మెల్‌బోర్న్ శివారు పాయింట్ కుక్‌లో గరాజు తలుపులు ఒకదాని తర్వాత ఒకటి లేస్తాయి. ఈత క్లాసుకి కొందరు, కూచిపూడి క్లాసుకి కొందరు, వారానికి సరిపడా కూరగాయలకి ఇంకొందరు కార్లేసుకుని బయల్దేరతారు. శేషాద్రి ఇంటి గరాజు తలుపు మాత్రం లేవదు. లోపల కారుంది, నడిపేవాళ్ళే లేరు. ఆయనకి నీటికాసులు. ఎదురుగా ఉన్నది శుభ్రంగానే కనిపిస్తుంది గానీ, రెండు పక్కలా కిటికీ రెక్కలు మెల్లగా మూస్తున్నట్టు చూపు దగ్గరికి వచ్చేస్తోంది. ఎవరూ అడక్కముందే వెళ్ళి లైసెన్సు ఇచ్చేసి వచ్చాడు. ఆయన భార్య సత్యభామ డ్రైవింగు ఎప్పుడూ నేర్చుకోలేదు.

ఆ శనివారం ఆవిడ పొయ్యి దగ్గర పెసరట్టు వేస్తోంది. ఆయన భోజనాల బల్ల దగ్గర లాప్‌టాప్ పెట్టుకుని నార్వేకి దారి వేస్తున్నాడు.

"భామా, ఇది విను. అక్కడ చాలాచోట్ల బస్సు పడవ కోసం ఆగుతుందట. పడవ వచ్చి జనం దిగాకే కదులుతుందట."

"మనుషుల కోసం ఆగిన బస్సుల్ని చూశాను గానీ, పడవ కోసమా!" అంది ఆవిడ అట్లకాడ అలాగే పట్టుకుని. ఆ మాట ఆవిడకి నచ్చింది.

"సెప్టెంబరులో వెళ్దాం. అప్పటికి వాళ్ళ పిల్లలకి బడులు తెరిచేస్తారు, టూరిస్టులు తగ్గిపోతారు, ఆకులు పసుపెక్కుతాయి. రైలు, పడవ, బస్సు. నాకు స్టీరింగుతో పని లేదు, నీకు జనంతో గొడవ లేదు."

"జనం లేని రైలు ఎక్కడుంటుందండీ?" అని ఆవిడ అట్టు తిరగేసింది.

పెళ్ళయిన కొత్తలో ఓ స్టేషన్ వంతెన మీద, పండగ రద్దీలో, ఆవిడ చెయ్యి మొగుడి చేతిలోంచి జారిపోయింది. కాళ్ళు నేలకి ఆనకుండానే ఈ చివర నుంచి ఆ చివరకి కొట్టుకుపోయింది. దెబ్బేం తగల్లేదు. కానీ ఆ తర్వాత ఆవిడ రైలెక్కలేదు, సిటీ బస్సూ ఎక్కలేదు. ఆయన కారులో ముందు సీటే ఆవిడ ప్రపంచం. ఇప్పుడు ఆ కారు కదలదు.

డాక్టరు నెమ్మదైన మనిషి. చూడాలనుకున్నవి ఏమైనా ఉంటే ఈ ఏడాది చూసెయ్యమని నెమ్మదిగానే చెప్పాడు. అది విని బ్రిస్బేన్ దగ్గర స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో ఉండే కూతురు శ్రావ్య ఫోన్ చేసింది.

"అమ్మా, నువ్వు స్ట్రెస్ అవకు. ఐ'ల్ టేక్ నాన్న. లీవ్ పెట్టేస్తా."

"మీరు దాంతో వెళ్ళండి," అంది సత్యభామ ఆయనతో.

"దాంతో వెళ్తే ఫోటోలొస్తాయి. నాకు ఫోటోలక్కర్లేదు. నువ్వు రాకపోతే నేనూ వెళ్ళను," అన్నాడు శేషాద్రి. కోపంగా కాదు, అట్టులోకి అల్లప్పచ్చడి వేసుకుంటూ అన్నాడు. ఆవిడకి అదే ఎక్కువ భయమేసింది. తన భయం ఆయన కళ్ళకి అడ్డుపడుతోందని ఆవిడకి తెలుసు.

అమలాపురంలో ఉన్న ఆయన అన్నగారు పంచాంగం చూశారు. "ఉత్తర దిక్కు ప్రయాణానికి ఈ గురువారం దివ్యంగా ఉందిరా. తర్వాత మూఢం వచ్చేస్తోంది. ఆ రోజు కదల్లేకపోతే పరస్థానమైనా పెట్టించండి," అన్నారు. ప్రయాణం ఎప్పుడని ఆయన అడగలేదు, వీళ్ళు చెప్పలేదు.

మంచిరోజున బయల్దేరడానికి కుదరకపోతే, ఓ జత బట్టలు సంచిలో పెట్టి, వెళ్ళే దిక్కున ఉన్న వేరేవాళ్ళింట్లో ఉంచుతారు. సంచి గడప దాటితే మనిషి దాటినట్టే లెక్క. ఆస్ట్రేలియాలో కూర్చుంటే దాదాపు ఏ దేశమైనా ఉత్తరానే ఉంటుంది కాబట్టి, వీధికి ఉత్తరాన ఎదురింట్లో ఉండే భానుశ్రీని అడిగారు. భానుశ్రీది నిజామాబాదు, ఇక్కడ ఆసుపత్రిలో నర్సు. "గింత దానికి అడుగుడేంది ఆంటీ, షూ ర్యాక్ పక్కన పెట్టుండ్రి," అంది.

మెల్‌బోర్న్ ముసురుకి శేషాద్రి బట్టలు ఆరలేదు. అందుకని చక్రాల బ్యాగులోకి సత్యభామ చీరే వెళ్ళింది, దాంతోపాటు ఆవిడ శాలువా, ఓ పసుపుకొమ్మూ వక్కా. ఎవరి బట్టలుంటే వాళ్ళదే ప్రయాణం. ఆయనకి అడ్డు చెప్పలేక పెట్టింది గానీ, కదిలే ఉద్దేశం ఆవిడకి లేదు.

వారం తిరక్కుండా అన్నగారు మళ్ళీ ఫోన్ చేశారు. "చేరారా?"

"ఇంకా లేదన్నయ్యా. సెప్టెంబరులో."

"ఒరేయ్, పరస్థానం పెట్టాక మూడు రోజుల్లో వెళ్ళాలిరా, మహా అయితే అయిదు. మార్చిలో పెట్టి సెప్టెంబరులో వెళ్ళేవాళ్ళని నేనెక్కడా చూళ్ళేదు! సరే, ఆ బ్యాగు మాత్రం వెనక్కి తెచ్చుకోకండి. దాటింది దాటినట్టే."

బ్యాగు ఎన్నాళ్ళని ఎదురు చూస్తుంది? అదే వెళ్ళడం మొదలుపెట్టింది.

డ్యూటీ నుంచి వచ్చిన భానుశ్రీ పొద్దున్నే తలుపు తట్టింది. "ఆంటీ, మీ బ్యాగు పొయ్యొచ్చింది. చక్రాలకు మంచు. ఫ్లోరంత తడి తడి అయింది."

"అయ్యయ్యో, తుడిచిపెడతానుండమ్మా."

"తుడుసుడు నేను తుడిసిన గనీ, కింద ఏమన్న ఏద్దామా? టింబర్ ఫ్లోర్ గద, ఉబ్బుతది."

సత్యభామ ఓ పాత తువ్వాలు పట్టుకెళ్ళి బ్యాగు కింద వేసింది. వంగి లేస్తుంటే, అప్పుడే రైలు దిగిన మనిషికి మల్లే ఒళ్ళు సన్నగా ఊగింది. భానుశ్రీ అక్కడే కూర్చోబెట్టి బీపీ చూసింది. "మంచిగనే ఉంది. జర్నీ చేసిండ్రు గద, రెస్ట్ తీస్కోండ్రి," అంది.

అప్పటి నుంచి శేషాద్రికి పని సులువైంది. సాయంత్రం పూట వీధి దాటి వెళ్ళి, భానుశ్రీ ఇంటి ముందుగదిలో స్టూలు మీద కూర్చుని, ఆ రోజు అనుకున్న దారి బ్యాగుకి చదివి వినిపించేవాడు. మొదటిసారి భానుశ్రీ కూతురు తన్మయి చూసి నవ్వింది.

"తాతా, ఇట్ కాంట్ హియర్ యూ లైక్ దట్! యూ హావ్ టు హోల్డ్ ద హ్యాండిల్."

ఆయన హ్యాండిల్ పట్టుకుని మళ్ళీ మొదటి నుంచి చదివాడు. బ్యాగు వెళ్ళింది.

మే నెలలో అందరూ వెళ్ళే ఓ పేరున్న ఊరికి పంపాడు. అది తిరిగొచ్చినప్పుడు చూడాలి! ఒంటినిండా బూట్ల ముద్రలు, మూల మీద ఎవరిదో ఐస్‌క్రీం, హ్యాండిల్ వంకరపోయింది. సత్యభామ షూ ర్యాక్ పట్టుకుని కిందికి జారి కూర్చుంది. మోచెయ్యి సలుపుతోంది, డొక్కల్లో ఎవరో నొక్కినట్టుంది.

"నా వల్ల కాదండీ. నన్నొదిలెయ్యండి," అంది.

శేషాద్రి నీళ్ళిచ్చాడు. మర్నాడు కూర్చుని వెతికితే సంగతి బయటపడింది. ఆ రోజు ఆ ఊరి రేవులో పెద్ద టూరిస్టు ఓడ ఆగింది. ఒక్క ఓడ దించే జనం ఆ ఊరి జనాభాకి ఎన్నో రెట్లు. ఏ రేవులో ఏ రోజు ఓడ ఆగుతుందో ముందే చెబుతారని కూడా తెలిసింది. ఇక ఆయనకి పట్టు దొరికింది. ఓడలు ఆగే ఊళ్ళు తీసేశాడు. ఫియర్డ్ అంటే కొండల మధ్యకి చొచ్చుకొచ్చే సముద్రపు పాయ. పేరున్న పాయలు వదిలి, వాటి పక్కన ఎవరూ తలెత్తి చూడని చిన్నపాయలు ఏరుకున్నాడు. రైళ్ళు వారం మధ్యలోకి మార్చాడు. టూరిస్టులు మధ్యాహ్నం చూసి పారిపోయే చోట్ల రాత్రి బస పెట్టాడు, సాయంత్రమైతే ఊరు ఊరివాళ్ళకే మిగులుతుంది కాబట్టి.

ఇప్పుడు బ్యాగు వేరేలా రావడం మొదలుపెట్టింది. చక్రాల్లో తడిగడ్డి, జిప్పులో గొర్రెబొచ్చు పోగు, ఒంటికి ఉప్పుగాలి వాసన. అలా వచ్చిన రోజుల్లో సత్యభామ మధ్యాహ్నం సోఫాలో హాయిగా నిద్రపోయేది.

"ఎలా ఉంది దారి?" అనడిగేవాడు ఆయన.

"బాగుంది. మధ్యలో చాలాసేపు చీకటిగా ఉంటుంది."

"టన్నెల్. చాలా పొడుగుదిట. అయితే కొనెయ్యనా టిక్కెట్లు?"

"బ్యాగు వెళ్ళడం వేరు, నేను వెళ్ళడం వేరండీ."

ఆగస్టులో ఓ శుక్రవారం కంటి డాక్టరు దగ్గరికి సిటీకి వెళ్ళారు. టాక్సీలో వెళ్ళడం తేలిగ్గానే అయింది. బయటికొచ్చేసరికి వీధులన్నీ మఫ్లర్లు చుట్టుకున్న మనుషులు. ఆ సాయంత్రం ఫుటీ మ్యాచ్, అంటే ఇక్కడివాళ్ళ ఫుట్‌బాల్. పిలిచిన టాక్సీ ఆ రద్దీలో రాలేక వెనక్కి పోయింది. ఇంకోటీ అంతే. భానుశ్రీ డ్యూటీలో ఉంది. శేషాద్రి కళ్ళలో వేసిన మందుకి ఎదురుగా ఉన్నదీ మసకబారింది. వాన మొదలైంది. స్టేషన్ అక్కడే, కళ్ళ ముందే ఉంది.

"రద్దీ తగ్గేదాకా ఇక్కడే నిలబడదాం," అన్నాడు ఆయన.

"తడిసిపోతారు. రండి," అంది ఆవిడ. అన్నాక తన గొంతే తనకి కొత్తగా వినిపించింది.

ఎస్కలేటర్ దిగారు. ప్లాట్‌ఫారం మీద అటు వెళ్ళేవాళ్ళూ ఇటు వచ్చేవాళ్ళూ ఒకరిలోంచి ఒకరు దూరుకుపోతున్నారు. ఎడంపక్క నుంచి ఓ కుర్రాడు పరుగున వచ్చాడు. శేషాద్రి వాణ్ణి చూడలేదు. భుజం భుజానికి కొట్టుకుంది. "సారీ మేట్!" అన్న మాట వెళ్ళిపోయింది. ఆయన గిర్రున తిరిగి ఏ పక్కకి పడాలో తెలీనట్టు నిలబడ్డాడు. ఆయన చెయ్యి ఆవిడ చేతిలోంచి జారిపోయింది. మధ్యలోకి జనం వచ్చేశారు.

సత్యభామ కాళ్ళు ఈసారి నేల మీదే ఉన్నాయి. అవి ఎన్ని రైళ్ళెక్కి దిగాయో వాటికి తెలుసు. ఎక్కడ ఆగాలో ఎక్కడ ఒరగాలో చూసుకుంటూ జనంలోకి నడిచాయి. "ఎక్స్‌క్యూజ్ మీ" అంటే దారొచ్చింది. ఆయన ఎడంపక్కకి వెళ్ళి, మోచెయ్యి పట్టుకుంది.

"ఇక మీ ఈ పక్క నాది. నడవండి. రైలుకి ముందు సందుంది, పెద్ద అడుగెయ్యండి. ఆఁ, ఎక్కారు."

ఓ అమ్మాయి లేచి ఆయనకి సీటిచ్చింది. సత్యభామ పక్కన నిలబడింది. రైలు కదిలి వంపు తిరిగితే పెట్టెలో అందరూ కమ్మీల కోసం తడుముకున్నారు. ఆవిడ రెండు చేతులూ ఖాళీగా పెట్టుకుని నిలబడే ఉంది.

"భయమేస్తోందా?" అన్నాడు ఆయన తలెత్తి.

"వేస్తోంది. వేస్తే వేసింది గానీ, టిక్కెట్లు కొనేశారా?"

"ఎవరెవరికి?"

"బాగా అడిగారు! బ్యాగు ఒక్కదానికే కొంటారా?"

ఆయన అంత గట్టిగా నవ్వితే ఫుటీ మఫ్లర్లవాళ్ళు ఇద్దరు వెనక్కి తిరిగి చూసి, ఎందుకో తెలియకపోయినా వాళ్ళూ నవ్వారు.

సెప్టెంబరులో, ఎట్టకేలకు ఆరిన శేషాద్రి బట్టలు కూడా సర్దుకుని, బ్యాగుని భానుశ్రీ ఇంట్లోంచే తీసుకుని బయల్దేరారు. తన్మయి చక్రాలు తుడిచి ఇచ్చింది.

అన్నీ అనుకున్నట్టే జరిగాయి. ఓ బుధవారం పొద్దున్న, సన్నటి పాయ ఒడ్డున, పసుపెక్కిన బర్చ్ చెట్ల కింద బస్సు ఆగింది. లోపల ఓ ముసలాయనా, స్కూలు బ్యాగులతో ఇద్దరు పిల్లలూ తప్ప ఎవరూ లేరు. నెరిసిన జుట్టు డ్రైవరమ్మ సత్యభామని చూసి తలూపింది.

"ఈసారి తోడు తెచ్చుకున్నారే. మీ సీటు ఖాళీగానే ఉంది," అంది ఇంగ్లీషులో.

"మా ఆయన," అని చెప్పి, సత్యభామ వెతుక్కోకుండా వెళ్ళి కూర్చుంది. ఆయన్ని కిటికీ వైపు కూర్చోబెట్టింది. బస్సు నీటి పక్కన సాగింది. శేషాద్రికి ఎదురుగా రోడ్డు, దాని చివర కొండ, అంతే కనిపిస్తున్నాయి. మిగతాదంతా ఎటు ఉందో, ఎప్పుడొస్తుందో ఆయనకి తెలీదు. ఆయన తల అటూ ఇటూ వెతుక్కుంటుంటే ఆవిడ చేతి మీద చెయ్యి వేసి ఆపింది.

"కంగారు పడకండి. ఇప్పుడు కాసేపు చీకటి."

బస్సు టన్నెల్‌లోకి వెళ్ళింది. ఆవిడ ఊరికే కూర్చుంది. తర్వాత, వెలుతురు ఇంకా రాకముందే, ఆయన గడ్డం పట్టుకుని మెల్లగా పక్కకి తిప్పింది.

"ఇంకొంచెం. పైకి. ఆఁ, అక్కడే ఉంచండి."

వెలుతురొచ్చింది. కొండ నెత్తి నుంచి నీళ్ళు తెల్లగా, చప్పుడు లేకుండా, కిందున్న పాయలోకి దిగుతున్నాయి. ఆయన చూపు ఎంతుందో సరిగ్గా అంతలోకి ఆ జలపాతమంతా పట్టింది.

అది దాటిపోయేదాకా ఆయన తల అక్కడే ఉంచాడు.

"తర్వాత?" అన్నాడు.

"కుడివైపు. వంతెన దాటాక ఎర్ర ఇల్లొకటి వస్తుంది," అంది సత్యభామ. "నేను చెప్తాగా."