14వ తేదీ, రాత్రి 1:50

మంగళవారం, 14వ తేదీ, ఉదయం 9:20. రైలు మొదటి ఊరు చేరి పది నిమిషాలైంది. నాలుగో పెట్టెలో 31, 32 నంబరు బెర్తులు ఖాళీగా వెళ్ళాయి. ఆ బెర్తులు తీసుకున్న భార్యాభర్తలు ఆ సమయానికి ఇంట్లో సూట్‌కేసు సర్దుతున్నారు.

సంగతి భర్త ఫోనుకు వచ్చిన మెసేజి వల్ల బయటపడింది. మీ ప్రయాణం ఎలా జరిగింది, అయిదు స్టార్లకు ఎన్ని ఇస్తారు అని రైల్వే వాళ్ళు అడిగారు. అతను రెండుసార్లు చదివి భార్యకు ఇచ్చాడు. ఆమె చదివి, ఎవరి ప్రయాణం అని అడిగింది.

భర్త సిటీ బస్సుల డిపోలో డ్యూటీ చార్టు గుమస్తా. ఏ డ్రైవరు ఏ బస్సును ఏ గంటకు తీయాలో పందొమ్మిదేళ్ళుగా రాస్తున్నాడు. డిపోలో అతన్ని చార్టు అని పిలుస్తారు. భార్య కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేములకు బిగిస్తుంది. ఆమెకు కుడిచెవి వినపడదు. సోమవారం, 20వ తేదీన ఆపరేషన్. ఉదయం ఏడింటికి ఆసుపత్రిలో చేరాలి. చెవి లోపలి చిన్న ఎముక తీసి దాని చోట మరొకటి పెడతారు. ఆ తర్వాత జన్మలో రోలర్ కోస్టర్ ఎక్కకూడదని డాక్టరమ్మ చెప్పింది. ఈలోగా ఎక్కవచ్చా అని ఆమె అడిగింది. ఈలోగా మీ ఇష్టం అంది డాక్టరమ్మ.

ఆమెకు నలభై ఒక్కేళ్ళు. అంతవరకు ఒక్కటీ ఎక్కలేదు. చిన్నప్పుడు ఎత్తు చాలలేదన్నారు, తర్వాత తీరిక చాలలేదు. రెండో ఊళ్ళో ఉన్న పార్కులో పదకొండు అంతస్తుల ఎత్తున్న రోలర్ కోస్టర్ ఉంది. దాన్ని అక్కడ త్రాచు అంటారు. అయిదు రోజుల సెలవూ దాని చుట్టూ అల్లుకున్నదే. మొదటి ఊళ్ళో కోట, మ్యూజియం, గడియార స్తంభం. రెండో ఊళ్ళో పార్కు. మూడో ఊళ్ళో చేపల ప్రదర్శనశాల, దాని పక్కన ఇంకో చిన్న పార్కు. ఆదివారం సాయంత్రానికి ఇల్లు.

రైళ్ళు భర్త బుక్ చేశాడు. హోటళ్ళు, పార్కు టికెట్లు భార్య బుక్ చేసింది. ఇద్దరూ చూసుకున్నది వంటింటి తలుపుకు అంటించిన చార్టు. అది భర్త నాలుగు రంగుల్లో గీశాడు. మ్యూజియానికి గంటా పావు, కోటకు రెండు గంటలు, టీకి పన్నెండు నిమిషాలు అని ఉంది అందులో. మొదటి వరుసలో 14వ తేదీ, రాత్రి 1:50, రైలు అని ఉంది.

డిపోలో రోజు తెల్లవారుజామున నాలుగింటికి మొదలవుతుంది. ఆఖరి బస్సు రెండున్నరకు లోపలికి వస్తుంది. మంగళవారం సాయంత్రం బండి తీసిన డ్రైవరు రాత్రి 1:50కి దిగితే చార్టులో అది మంగళవారం డ్యూటీయే. బుధవారం అని రాస్తే జీతాల సెక్షను వెనక్కి పంపుతుంది. భర్త రైలు టికెట్టూ అలాగే తీశాడు. 14వ తేదీ అని కొట్టాడు, 1:50 ఎంచుకున్నాడు. కాలెండరు ప్రకారం ఆ రైలు 13వ తేదీ రాత్రి అందరూ పడుకున్నాక, 14 ఇంకా తెల్లవారకముందు వెళ్ళేది. వాళ్ళు ఎక్కుదామనుకున్నది 14 గడిచాక వచ్చే 1:50కి.

దీన్ని అతను భార్యకు మూడుసార్లు చెప్పాడు. మూడోసారి చెబుతుండగా తనే మధ్యలో ఆగి, అయితే ఇవాళ ఎంత అని అడిగాడు.

9:45కి అతని అక్క వచ్చింది. ఆమె రెండు వీధుల అవతల బట్టలు కుడుతుంది. ఇంటి తాళం తీసుకుపోదామని వచ్చింది.

"ఏంట్రా ఆ ముఖాలు, రైలు వెళ్ళిపోయినట్టు?" అంది.

"వెళ్ళిపోయిందక్కా."

ఆమె చెప్పులు విడిచి కుర్చీ లాక్కుంది. భార్య జరిగింది చెప్పింది. వదినకు మొదటిసారికి అర్థం కాలేదు. రెండోసారికి, అర్థమైంది కాబట్టి ఇక చెప్పవద్దంది.

10:05కి రెండో రైలు టికెట్ తీసి చూశారు. మొదటి ఊరి నుంచి రెండో ఊరికి, రాత్రి 12:40, 16వ తేదీ. గురువారం పొద్దున్నే చేరుతుంది. భార్య పార్కు టికెట్ తీసుకున్నది శుక్రవారం, 17వ తేదీకి. ఇక్కడా ఒక రోజు తేడా. వదిన చార్టు ముందు నిలబడి వేలు పెట్టి లెక్కవేసింది. రైళ్ళన్నీ ఒక రోజు ముందున్నాయి కాబట్టి హోటళ్ళూ పార్కూ ఒక రోజు ముందుకు లాగితే సరిపోతుందని తేల్చింది. గుడ్డ పొట్టిదైతే చొక్కా పొట్టిగా కుట్టాలి గానీ మనిషిని సాగదీయలేం కదా అంది. అందులో తప్పేమీ కనపడలేదు వాళ్ళకు.

భార్య రెండో ఊరి హోటలుకు ఫోన్ చేసి గురువారానికి మార్పించింది. భర్త పార్కుకు ఫోన్ చేశాడు. నలభై నిమిషాలు లైనులో వేచి ఉండగా మిగతా రెండు రైలు టికెట్లూ చూద్దామని భార్య అంది. లైను తెగుతుందేమోనని అతను ఫోన్ కింద పెట్టలేదు. టికెట్లు అదే ఫోనులో ఉన్నాయి. 10:50కి పార్కు ఉద్యోగిని పలికింది. తేదీ ఒక్కసారే మార్చుకోవచ్చు, మార్చమంటారా అని అడిగింది. అతను భార్య వైపు చూశాడు. భార్య వదిన వైపు చూసింది. వదిన మార్చమంది. ఉద్యోగిని రెండు టికెట్లూ గురువారానికి మార్చింది.

10:58కి మూడో రైలు టికెట్ తెరిచారు. శనివారం, 18వ తేదీ, మధ్యాహ్నం రెండు. నాలుగోది ఆదివారం, 19వ తేదీ, మధ్యాహ్నం ఒకటిన్నర. రెండూ సరిగ్గానే ఉన్నాయి. పగటి రైళ్ళకు డిపో తేదీ అయినా కాలెండరు తేదీ అయినా ఒకటే. తేదీ తప్పు పడినవి అర్ధరాత్రి దాటాక నడిచే రెండు మాత్రమే. పార్కు టికెట్టుకు ఏ తేడా లేదు, అది మొదటి నుంచీ సరైన రోజుకే ఉంది. ఇప్పుడు లేదు.

పులి మీద పుట్ర అంటే ఇదే అంది వదిన.

11:04కి పార్కు నుంచి రసీదు వచ్చింది. కింద చిన్న అక్షరాల్లో ఒక గమనిక ఉంది. త్రాచు ప్రతి గురువారం వారపు తనిఖీ కోసం ఆగి ఉంటుంది, మిగతావన్నీ నడుస్తాయి అని. భార్య దాన్ని చదివి ఫోన్ బల్ల మీద బోర్లించింది.

శుక్రవారం టికెట్లు ఉన్నాయేమో చూశారు. అయిపోయాయి. శనివారమూ అయిపోయాయి. బుధవారం దొరికాయి గానీ అక్కడికి ఏడు గంటల ప్రయాణం. ఆ ఊరికి నేరుగా వెళ్ళే రైలు రోజుకు ఒకటే, ఇవాళ్టిది వెళ్ళిపోయింది; బుధవారం రైలు ఉదయం 6:15కి బయల్దేరి మధ్యాహ్నం 1:15కి చేరుతుంది. బుధవారాల్లో పార్కు మధ్యాహ్నం ఒంటిగంటకే మూసేస్తుంది.

భార్య వంటింటి తలుపు దగ్గరికి వెళ్ళి చార్టు ముందు నిలబడింది. భర్త ఆమె ఎడమ పక్కకు వచ్చాడు. ఆమెతో ఏదైనా చెప్పాలంటే అతను ఎప్పుడూ ఎడమ పక్కకే వస్తాడు. ఆమె ముందుగా మాట్లాడింది.

"ఒకటి అడుగుతా, నిజం చెప్పండి. మీకు భయమని ఇలా చేశారా?"

అతనికి ఎత్తు భయం. నిచ్చెన మూడో మెట్టు దాటడు. డిపోలో బస్సు టాపు మీదికి ఎక్కని ఒకే ఒక్క ఉద్యోగి అని అతని మీద జోకు ఉంది. అయినా త్రాచులో ఆమె పక్కన కూర్చుంటానని నెల క్రితం మాట ఇచ్చాడు.

"భయమైతే ఉంది. తేదీ మాత్రం కావాలని వేయలేదు."

ఆమె అతన్నే చూస్తోంది.

"వేయలేదనే అనుకుంటున్నా," అన్నాడు.

"అనుకోవడమేంటి?"

"పందొమ్మిదేళ్ళుగా అదే చేత్తో రాస్తున్నా. చెయ్యి రాసిందో నేను రాశానో నాకే తెలీట్లేదు."

వదిన కుర్చీలోంచే కలగజేసుకుంది. "వాడికి అంత తెలివే ఉంటే ఈపాటికి డిపో మేనేజరయ్యేవాడమ్మా. నువ్వు లేనిపోనిది వాడికి అంటగట్టకు."

భార్య నవ్వలేదు. సూట్‌కేసు దగ్గరికి వెళ్ళి, మడిచినవి తీసి మళ్ళీ మడిచింది.

పన్నెండు నుంచి సాయంత్రం దాకా భర్త పార్కుకు తొమ్మిదిసార్లు ఫోన్ చేశాడు. ఎవరైనా శుక్రవారం టికెట్ వెనక్కి ఇస్తే అమ్ముతాం, ఎప్పుడు ఇస్తారో చెప్పలేమన్నారు. అతను అన్నం తినేటప్పుడూ ఫోన్ స్పీకర్‌లో పెట్టుకున్నాడు. వేచి ఉండమనే పాట వదినకు నోటికి వచ్చేసింది. 4:35కి ఉద్యోగిని ఒక టికెట్ వచ్చిందని చెప్పింది. రెండు కావాలని అతను అన్నాడు. ఒకటే ఉందండి, తీసుకుంటారా, వెనక ఇంకొకరు లైన్లో ఉన్నారు అంది. వదిన ఈ మాట తను కూడా విన్నానని తర్వాత చెప్పింది. అతను భార్య పేరు మీద తీసుకున్నాడు.

ఆ తర్వాత కూడా 6:10, 6:40లకు మళ్ళీ ఫోన్ చేశాడు. ఇంకొకటి రాలేదు.

మొదటి ఊరు మానేశారు. బుధవారం 6:15 రైలుకు నేరుగా రెండో ఊరు వెళ్ళారు. టికెట్ భార్య తీసింది. తేదీని వదిన చేత, ఇంటి ఓనరు చేత, స్టేషనులో టికెట్ కలెక్టరు చేత చదివించుకుంది. హోటల్లో వాళ్ళ గది గురువారం నుంచి అన్నారు. బుధవారం రాత్రికి వేరే గది ఇచ్చి, పొద్దున్న సామాను మార్పించారు.

గురువారం ఇద్దరూ పార్కుకు వెళ్ళారు. పడవ ఎక్కారు, అద్దాల గదిలో దారి తప్పి వచ్చిన చోటికే వచ్చారు. గుండ్రంగా తిరిగే కప్పుల్లో భర్త ఒకసారి కూర్చుని, దిగాక గోడ పట్టుకుని నిలబడ్డాడు. త్రాచు పట్టాల మీద నలుగురు మెకానిక్కులు ఒక్కో బోల్టునూ చిన్న సుత్తితో తట్టి వింటున్నారు. భార్య కింద కంచె దగ్గర ఇరవై నిమిషాలు నిలబడింది. రేపు నడుస్తుందా అని ఒకతన్ని అడిగింది. ఇవాళ తేలాలి అన్నాడతను. అదేమిటో అని భర్త గేటు దగ్గర మళ్ళీ విచారించాడు. గేటు దగ్గర నడుస్తుందన్నారు.

శుక్రవారం ఉదయం పదింటికి గేటు తెరిచారు. భార్య లోపలికి వెళ్ళింది. భర్త ఆమె కళ్ళద్దాలు, చెవిపోగులు జేబులో వేసుకుని కంచె బయట బస్‌స్టాపు బెంచీ మీద కూర్చున్నాడు. అక్కడి నుంచి త్రాచు ఆఖరి మలుపు మాత్రమే కనపడుతుంది. ఆమె మొదటిసారి 11:12కి ఎక్కింది. మూడో వరుస, కుడివైపు సీటు. ఎడమ సీట్లో ఆమె ఎరగని స్త్రీ ఒకరు కూర్చున్నారు. ఒక చుట్టు రెండు నిమిషాల పది సెకన్లు.

ఆమె సాయంత్రం 5:05కి బయటికి వచ్చింది. ఎన్నిసార్లు ఎక్కావని అతను అడిగాడు. ఆరో ఏడో, గుర్తు లేదంది. బెంచీ మీద నుంచి అతను ఎనిమిది లెక్కపెట్టాడు. పార్కు వాళ్ళు ఆమె మణికట్టుకు కట్టిన పట్టీని గేటు దగ్గరి యంత్రం ముందు పెట్టి చూశారు. ఏడు అని చూపించింది. చివరిది 4:40కి.