మగ్గం గుంతలో పాత సముద్రం

ధర్మవరంలో తిమ్మరాజు పొద్దున్నే కాఫీ తాగి మగ్గం గుంతలోకి కాళ్లు దించాడంటే, మళ్లీ అన్నానికే లేచేది. కూతురు శ్రుతిదీ కూర్చుని చేసే పనే. బెంగళూరులో సముద్రపు అడుగు మన్ను మీద పరిశోధన. మన్నులోని ఇసుక రేణువంత గుల్లలను సన్నటి బ్రష్షుతో ఏరి, ఐదున్నర కోట్ల ఏళ్ల కిందట సముద్రం ఎలా వేడెక్కిందో వాటిని బట్టి చెప్పాలి. సెలవుల్లోనూ ఏరుదామని ఒక డబ్బా మన్ను ఒళ్లో పెట్టుకుని, హిందూపురం, పెనుకొండ మీదుగా రైల్లో ఇంటికి తెచ్చింది. ఆ కాలపు మన్ను ల్యాబులో అదొక్కటే మిగిలింది.

అమావాస్యనాడు ఆ ఇంట్లో మగ్గం ఆడదు. గుంత శుభ్రం చేసి అలకడం అవ్వ మారక్క పని.

"అవ్వా, గూట్లో డబ్బా యాడ పాయ?"

"ఆ మన్నా? పిండి మాదిరి ఉండాదని గుంతకు మెత్తినా. ఎంత నున్నగా వచ్చెనో చూడుపో."

శ్రుతి ఆ పూట అన్నం ముట్టలేదు. ఇన్నేళ్ల చదువూ గుంత గోడకు అంటుకుపోయింది. అవ్వను ఏమనగలదు? మగ్గమున్న ఇంట్లో, అమావాస్య ముందర, మెత్తటి మన్ను అందేచోట పెట్టిన మనిషిని అనాలి.

మరునాడు తిమ్మరాజు కాళ్లు దించేసరికి గుంతలో చీలమండల దాకా ఉప్పునీళ్లు. పంచె ఎగగట్టి నేత మొదలుపెట్టాడు. భార్య సుజాత పట్టు తడవకుండా పడుగు కింద ప్లాస్టిక్ పట్ట కట్టింది.

ఎదురింటి ఎల్లప్ప తొంగి చూసి, "మీకు సముద్రమే వచ్చె. మాకు బోరే ఎండిపాయ," అని పోయాడు.

రోజూ సాయంత్రానికి నీళ్లు వెనక్కి తీసేవి. తిమ్మరాజు కాళ్లకు సన్నటి బురద మిగిలేది. అందులో గుల్లలు! డబ్బాలో ఉన్నవే.

"కదలొద్దు నాయనా," అంటూ శ్రుతి ఆయన వేళ్ల సందుల్లోంచి బ్రష్షుతో ఏరుకునేది. ఆయన చక్కిలిగింతలకు నవ్వేవాడు. ఆమె ప్రాణం లేచి వచ్చింది.

రోజురోజుకూ నీళ్లు వేడెక్కాయి. పక్షం తిరిగేసరికి సముద్రం అడుగున బతికే గుల్లలు ఒక్కటీ దొరకలేదు. వేడికి అవి అంతరించిన కాలమే తాను వెతుకుతున్నదని శ్రుతి ఎగిరి గంతేసింది. ఆ రోజే తిమ్మరాజు నేత ఆపి, పోగు తోసే నాడె పక్కన పెట్టేశాడు. వేడినీళ్లలో నానిన అరికాళ్లు పగిలాయి. ఆవిరికి పట్టుపోగులు ఒకదానికొకటి అంటుకుంటున్నాయి.

"మన్ను గీకేద్దాం నాయనా. సముద్రం పోతాది."

"నీ పని అయిపాయనా?"

"సగమే. వేడి ఎక్కింది చూస్తిని. దిగేది గూడా చూడాల."

"దానికెన్ని దినాలు?"

అప్పటి సముద్రం చల్లారిన తీరును బట్టి శ్రుతి మనసులో లెక్క కట్టింది. "ఎక్కేకి పక్షం పట్టె. దిగేకి రెండేండ్లు పడ్తాది."

"అంత బిరీన ఎక్కిందానికి దిగేకి ఇంత కాలమా!" తిమ్మరాజు సగం నేసిన చీరకేసి చూశాడు. ఆయనకు బాధేసింది, దాచుకోలేదు. అయినా, "గీకొద్దులే," అన్నాడు.

పుట్టి బుద్ధెరిగి ఆయన ఇంకొకరి మగ్గం ఎక్కలేదు. మర్నాడు పొద్దున కాఫీ తాగి, కాళ్లకు గుడ్డ చుట్టుకుని, ఎల్లప్ప ఇంట్లో కూలి నేతకు పోయాడు.

"అంతా నేను చేసిందే," అని మారక్క కళ్లొత్తుకుంది.

శ్రుతి గుంతలో చెయ్యి పెట్టి చూసింది. నీళ్లు నిన్నటంత వేడిగానే ఉన్నాయి.