పండుకు ఎండ

పండు పచ్చటి ఇగ్వానా. తోకతో కలిపి నాలుగడుగుల పైనే ఉంటాడు. వీధిలో వాళ్లు ఉడుమంటారు. కాదని చెప్పడం మానేశాను. జానెడు పిల్లగా ఉన్నప్పుడు నా భార్య అమృత తెచ్చి పెంచింది. అమృత పోయి పది నెలలైంది. వాడి తిండి ఇప్పుడు నా పని.

పని కష్టమేమీ కాదు. పొద్దున్నే మునగాకు దూసి, గుమ్మడికాయ తురిమి, చిటికెడు కాల్షియం పొడి చల్లి పెట్టాలి. పాలకూర పెట్టకూడదు. ఇవన్నీ ఆమె ఒక నోటుపుస్తకంలో రాసి ఉంచింది. పొల్లుపోకుండా చేస్తున్నాను. అయినా నవంబరు నుంచి పండు తిండి తగ్గించాడు. తర్వాత నాలుగు రోజులు అసలు ముట్టలేదు. ఎత్తుకుంటే వెనక కాళ్లు సన్నగా వణికాయి.

పశువుల ఆసుపత్రిలో డాక్టరమ్మ వాడి దవడ నొక్కి చూసి, ఎముక మెత్తబడిందంది. ఎండలో ఉంచుతున్నారా అని అడిగింది. కిటికీ దగ్గరే ఉంటాడు, పొద్దంతా ఎండేనన్నాను. కిటికీకి అద్దం ఉందా అంది. ఉంది. అద్దంలోంచి వచ్చేది వాడికి వెలుతురే తప్ప మందు కాదని, రోజూ గంటసేపు ఆరుబయట ఉంచకపోతే బతకడం కష్టమని చెప్పింది.

ఇంటిముందు గల్లీలో కుక్కలు. మాకు ఆరుబయలంటే డాబా ఒక్కటే. అమృత రోజూ వాణ్ణి భుజానేసుకుని పైకి తీసుకెళ్లేది. పాతబస్తీ జహనుమాలో మా డాబా మీద నిలబడితే పక్కింటి జలాలుద్దీన్ గారి వాకిలంతా కనిపిస్తుంది. వాళ్లింటి ఆడవాళ్లు పొద్దుటి పనులన్నీ అక్కడే చేసుకుంటారు. ఆడమనిషి పైకెళ్తే వేరు. ఒంటరి మగవాణ్ణి, రోజూ వెళ్లి అక్కడ నిలబడితే ఏం బాగుంటుంది? ఆమె పోయాక నేను డాబా ఎక్కలేదు. ఎవరూ వద్దనలేదు. మర్యాదనుకున్నాను. నా మర్యాదకు పండు ఎముకలు మెత్తబడ్డాయి.

ఆ సాయంత్రం జలాలుద్దీన్ జరీ కొట్టుకు వెళ్లి, సగం సగం మాటలతో సంగతి చెప్పాను. ఆయన సూది పక్కన పెట్టాడు.

"గింత మాటకు పది నెలలు ఆగిన్రా, రావు సాబ్? మా ఇంటామె మజీదా రోజు అడుగుతది, ఆ పచ్చ జానవర్ ఏమాయెనని. అమ్ముకున్నరేమో అన్న నేను."

ఆడవాళ్లకు ఇబ్బందని ఊరుకున్నానన్నాను.

"ట్యాంకు సాఫ్ చేసెటోడు ఎక్కుతలేడా? 'పర్దా' అని ఒక్క కేక ఏస్తడు, ఆడోళ్లు లోపలికి పోతరు, ఎక్కుతడు. మీరు గూడ ఏయుండ్రి."

ముప్పయ్యేళ్లుగా ఆ కేక వింటున్నాను. అది నేనూ వేయవచ్చని ఎన్నడూ తోచలేదు.

మర్నాడు తొమ్మిదింటికి పండును ఎత్తుకుని మెట్ల మీద ఆగి "పర్దా" అన్నాను. వాళ్లకు వినపడలేదు. మళ్లీ అన్నాను. అవతల గిన్నెల చప్పుడు ఆగింది. చెప్పులు లోపలికి వెళ్లాయి. తలుపు మూసుకుంది. వాణ్ణి గచ్చు మీద వదిలి పక్కన కూర్చున్నాను. అమృత ఉన్నప్పుడు ఈ పిట్టగోడకు అటూ ఇటూ నవ్వులుండేవి. కింద గదిలోకి వినిపించేవి. ఇప్పుడు నా ఒక్క మాటతో వాకిలి ఖాళీ అయింది.

రోజూ అదే. కేక, తలుపు, నిశ్శబ్దం. డాక్టరమ్మ ఇచ్చిన మందు చుక్కలు వాడి నోట్లో వేసేవాణ్ణి. పెట్టిన మునగాకు పెట్టినట్టే ఎండిపోయేది. ఆరో రోజు నుంచి, వాళ్ల మెట్ల మీంచి చెయ్యి అందే చోట పిట్టగోడ మీద మందారాలు కనిపించసాగాయి, రోజుకు రెండు, తడి ఆరకుండా. వాళ్ల వాకిట్లో పూసేవే. అమృత వీడి కోసం అడిగి కోయించుకునేదేమో. నోటుపుస్తకంలో ఆ ముక్క లేదు.

పదకొండో రోజు పండు మెడ సాచి ఒక రేకను నాలుకతో తాకి చూశాడు. తర్వాత పువ్వంతా నోట్లోకి లాక్కుని, దవడ నొప్పెడుతున్నట్టు ఆగి ఆగి మింగాడు. రెండోదీ తిన్నాడు.

ఎవరికైనా చెప్పాలనిపించింది. చుట్టూ ఎవరూ లేరు. వాకిలి వైపు చూడకుండా, పిట్టగోడ దగ్గరికి వెళ్లి "తిన్నాడమ్మా" అన్నాను.

 మూసిన తలుపు వెనక నుంచి మజీదా గొంతు వచ్చింది.

"షుకర్ హై, భాయ్‌సాబ్. ఇంకో గంట కూసోండ్రి. మాకు లోపలనే పనుంది."